లా మినిస్టరు కుర్చీ, ఎంపీల కేకలు, మన వాయిదాలు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగానికి సగం ఒకే గొడవ మీద ఉన్నాయి: కొలీజియం (పెద్ద కోర్టులకి జడ్జీల్ని ఎంచే జడ్జీల బృందం), పార్లమెంటు, న్యాయశాఖ మంత్రి. మామూలుగా ఈ శీర్షికకి వీలునామాలు, బౌన్స్ అయిన చెక్కులు, ఇల్లు ఖాళీ చెయ్యని అద్దెదారులు, రాత్రికి రాత్రి గట్టు జరిపే పక్క పొలం వాళ్లు, ఇవే వస్తాయి. వాటిని వచ్చే నెలకి దాచాను, కోప్పడకండి.

ప్రశ్న (రిటైర్డ్ టీచరు, సత్యనారాయణపురం, విజయవాడ): టీవీలో పార్లమెంటు చూస్తుంటే మా మనవడు అడిగాడు, న్యాయశాఖ మంత్రి కూడా ఎంపీయే కదా తాతయ్యా, మరి మిగతా ఎంపీలు ఆయన మీద ఎందుకలా అరుస్తున్నారని. జడ్జీల సంగతి జడ్జీలు చూసుకుంటారు గదా, మధ్యలో వీళ్ల తగువేంటో నాకే సరిగ్గా చెప్పడం రాలేదు.

జవాబు: మాస్టారూ, మంత్రి ఎంపీయే, కాకపోతే ప్రభుత్వం తరఫున జవాబు చెప్పాల్సిన ఎంపీ. కోర్టుల్లో కేసులు పేరుకుపోయినా, హైకోర్టులో ఖాళీలు నిండకపోయినా, కొలీజియం పంపిన పేరు ఢిల్లీలో నెలల తరబడి కదలకపోయినా సభలో లేచి నిలబడాల్సింది ఆయనే. జడ్జీలు సభకి వచ్చి సంజాయిషీ ఇచ్చుకోరు. దాంతో కోర్టుల మీద ఉన్న చిరాకూ, కోర్టుల్ని ప్రభుత్వం ఏదో చెయ్యబోతోందన్న అనుమానమూ రెండూ కలిసి ఆ ఒక్క మనిషి నెత్తిన పడతాయి.

అసలు తగువంతా ఒక్క మాట దగ్గర మొదలైంది. సుప్రీంకోర్టు జడ్జిని రాష్ట్రపతి నియమిస్తారు, ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించి నియమిస్తారు, అంటుంది రాజ్యాంగం 124వ అధికరణం. సంప్రదించడం అంటే ఏమిటి? మన ఇళ్లల్లో పిల్ల పెళ్లికి మేనమామని అడుగుతాం. అడిగామంటే ఆయన వద్దంటే సంబంధం మానుకుంటామనా, లేకపోతే ముందే ఒకసారి చెవిన వేశాం, రేపు పందిట్లో అలగొద్దు అనా? 1981లో సుప్రీంకోర్టు, చెవిన వేస్తే చాలు, చివరి మాట ప్రభుత్వానిదే అంది. 1993లో అదే కోర్టు, కాదు, మేనమామ మాటే చెల్లుతుంది అంది. 1998కి వచ్చేసరికి ఆ మేనమామ ఒక్కడు కాదు, ప్రధాన న్యాయమూర్తితో పాటు మరో నలుగురు సీనియర్ జడ్జీలు అని తేల్చింది. ఆ ఐదుగురే కొలీజియం. ఆ పదం కోసం రాజ్యాంగం మొత్తం తిరగేసినా దొరకదు.

1981 కేసు వెనక ఉన్నది మన తెలుగాయనే. అప్పటి న్యాయశాఖ మంత్రి పి.శివశంకర్, అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జడ్జిగా చేసిన మనిషి. ఆయన 1981 మార్చిలో ముఖ్యమంత్రులకి ఒక సర్క్యులర్ పంపారు. హైకోర్టుల్లో అదనపు జడ్జీలుగా ఉన్నవాళ్ల దగ్గర, వేరే రాష్ట్రంలో వేస్తే వెళ్తామని ముందే ఒప్పుకోలు రాయించుకోమన్నది అందులోని సారాంశం. ప్రతి హైకోర్టులో మూడోవంతు మంది బయటి రాష్ట్రాలవాళ్లు ఉండాలన్నది పైకి చెప్పిన కారణం. పర్మినెంట్ అవుతుందో లేదో తెలియని పోస్టులో కూర్చున్నవాణ్ణి పిలిచి, ఎక్కడికి వెయ్యమంటావో సంతకం పెట్టు అంటే వాడి గుండె ఎలా కొట్టుకుంటుందో మీకు చెప్పక్కర్లేదు, మీరూ బదిలీల కౌన్సెలింగులు చూసినవాళ్లే. లాయర్లు కోర్టుకెక్కారు, ఓడిపోయారు, కానీ ఆ రోజు పడిన అనుమానం ఇప్పటికీ పోలేదు.

మీ మనవడికి మేనమామ కథ వరకూ చెప్పండి, చాలు.

ప్రశ్న (లా విద్యార్థిని, అరండల్‌పేట, గుంటూరు): 2014లో కొలీజియం బదులు పెట్టాలనుకున్న జాతీయ న్యాయ నియామకాల కమిషన్ బిల్లుకి లోక్‌సభలో ఒక్క ఓటూ వ్యతిరేకంగా పడలేదని మా సార్ చెప్పారు. మరి తర్వాత ప్రతిపక్షాలన్నీ కొలీజియాన్ని వెనకేసుకొచ్చాయేంటి సార్?

జవాబు: మీ సార్ చెప్పింది నిజం అమ్మాయీ. 2014 ఆగస్టు 13న లోక్‌సభలో అనుకూలం 367, వ్యతిరేకం సున్నా. మర్నాడు రాజ్యసభలో 179, వ్యతిరేకం మళ్లీ సున్నా. రామ్ జెఠ్మలానీ ఒక్కరు ఓటు వెయ్యకుండా కూర్చున్నారు.

దానికి ఏడాది ముందు ఏం జరిగిందో కూడా సార్‌ని అడుగు. 2013 సెప్టెంబరులో ఇలాంటి కమిషనే పెడదామని అప్పటి న్యాయశాఖ మంత్రి కపిల్ సిబల్ రాజ్యసభలో బిల్లు తెచ్చారు. ముందు బిల్లుల్ని పరిశీలించే పార్లమెంటు స్థాయీ సంఘానికి పంపాల్సిందేనని బీజేపీ పట్టుబట్టి వాకౌట్ చేసింది. ఎన్నికలయ్యాయి, కుర్చీలు అటూ ఇటూ అయ్యాయి. ఈసారి రవిశంకర్ ప్రసాద్ న్యాయశాఖ మంత్రిగా దాదాపు అదే ఆలోచనతో కొత్త బిల్లు తెస్తే కాంగ్రెస్ కూడా చెయ్యెత్తింది. సగానికి పైగా రాష్ట్రాల శాసనసభలు ఆమోదించాయి. 2015 అక్టోబరు 16న సుప్రీంకోర్టు 4–1తో దాన్ని కొట్టేసింది.

ఎందుకు కొట్టేసిందో పరీక్షకి కూడా పనికొస్తుంది, విను. కమిషన్‌లో ఆరుగురు: ప్రధాన న్యాయమూర్తి, ఇద్దరు సీనియర్ జడ్జీలు, న్యాయశాఖ మంత్రి, ఇద్దరు ప్రముఖులు. ఏ ఇద్దరు వద్దన్నా పేరు ఆగిపోతుంది. అంటే ముగ్గురు జడ్జీలు ఒక్కమాట మీద ఉన్నా సరే, మంత్రిగారు ఇంకొక ప్రముఖుణ్ణి తోడు తెచ్చుకుంటే పేరు పక్కకి పోతుంది. ఇక కేంద్రమే హైకోర్టుల్లోనూ సుప్రీంకోర్టులోనూ అందరికంటే పెద్ద కక్షిదారు. దావా వేసినవాడే జడ్జి ఎంపికలో అడ్డుపడగలిగితే ఎలా అన్నది కోర్టుకి గుచ్చుకున్న ముల్లు. అప్పుడు ఆర్థిక మంత్రిగా ఉన్న అరుణ్ జైట్లీకి ఒళ్లు మండింది. ఎన్నిక కానివాళ్ల నిరంకుశత్వం కింద ప్రజాస్వామ్యం నడవదు అన్నట్టుగా గట్టిగా రాశారు.

2022కి రండి. న్యాయశాఖ మంత్రి కిరణ్ రిజిజు, కొలీజియం మన రాజ్యాంగానికి పరాయిది అన్నారు. ప్రభుత్వం కోర్టుల్ని చేతిలోకి తీసుకోవాలని చూస్తోందని ఎదురు తిరిగినవాళ్లలో ముందు వరసలో ఉన్నదెవరు? కపిల్ సిబలే, ఇప్పుడు రాజ్యసభలో అవతలి బెంచీ మీద.

అత్త లేని కోడలుత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అనేది మా అమ్మమ్మ. ఇది పరీక్షలో రాస్తే మార్కులు రావు గానీ, ముప్ఫై ఏళ్లుగా ఈ గొడవలు చూస్తున్న నేను మాత్రం మాట్లాడే మనిషి ఎవరా అని చూడ్డం మానేశాను, ఏ వైపు బెంచీ మీద కూర్చున్నాడో చూస్తే తర్వాతి వాక్యం మనమే చెప్పేయొచ్చు.

ప్రశ్న (మెడికల్ షాపు యజమాని, పటమట): కిరణ్ రిజిజుని జడ్జీలతో గొడవ పెట్టుకున్నందుకే న్యాయశాఖ నుంచి తీసేశారా?

జవాబు: ఎందుకని ఎవరూ అధికారికంగా చెప్పలేదండీ, ఇలాంటివి ఎప్పుడూ చెప్పరు. జరిగింది మాత్రం వరసగా చెప్తాను. 2022 డిసెంబరులో ఆయన రాజ్యసభలో, సుప్రీంకోర్టు రాజ్యాంగపరమైన కేసులు చూడాలి గానీ బెయిలు పిటిషన్లూ పనికిమాలిన పిల్‌లూ (ప్రజాప్రయోజన వ్యాజ్యాలు) వింటూ కూర్చుంటే ఎలా అన్నారు. ఆ రెండు రోజులకే సుప్రీంకోర్టు ముందుకి ఉత్తరప్రదేశ్ నుంచి ఒక కేసు వచ్చింది. కరెంటు సామాను దొంగతనం, తొమ్మిది కేసులు, ఒక్కోదానికి రెండేళ్లు, ఒకదాని తర్వాత ఒకటి అనుభవించాలి, వెరసి 18 ఏళ్లు. వైరు ముక్క దొంగిలించినవాడు హత్య చేసినవాడితో సమానంగా జైల్లో ఉండాలి అన్నమాట. ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ అతన్ని విడుదల చేయిస్తూ, ఈ కోర్టుకి ఏ కేసూ చిన్నది కాదు అన్నారు. మంత్రి పేరు ఎత్తలేదు. ఎత్తనక్కర్లేదు కూడా.

2023 జనవరిలో, జడ్జీల పేర్లు వడకట్టే కమిటీలో ప్రభుత్వ ప్రతినిధి ఉండాలని మంత్రి ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశారు. మార్చిలో, రిటైరైన జడ్జీల్లో కొందరు దేశ వ్యతిరేక ముఠాలో ఉన్నారన్నట్టు మాట్లాడితే ప్రతిపక్ష ఎంపీలు, లాయర్లు మండిపడ్డారు. మే 18న ఆయన్ని భూవిజ్ఞాన శాఖకి మార్చి, అర్జున్ రామ్ మేఘ్‌వాల్‌ని ఇక్కడ కూర్చోబెట్టారు, అదీ క్యాబినెట్ హోదా లేకుండా, స్వతంత్ర బాధ్యత గల సహాయ మంత్రిగా.

ఈ కుర్చీలో ఇలా జరగడం కొత్తేం కాదు. 2000 జూలైలో వాజ్‌పేయి ప్రభుత్వంలో న్యాయశాఖ మంత్రిగా ఉన్న రామ్ జెఠ్మలానీ, అప్పటి ప్రధాన న్యాయమూర్తితోనూ అటార్నీ జనరల్‌తోనూ పడక రాజీనామా చెయ్యాల్సి వచ్చింది. 2014లో ఓటు వెయ్యకుండా కూర్చున్నాయన అని పైన రాశానే, ఆయనే. కుర్చీ సిద్ధాంతానికి లొంగనివాళ్లు అప్పుడప్పుడూ ఒకరిద్దరు ఉంటారు.

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు, 78 ఏళ్లు): హైకోర్టు ఒకప్పుడు మా గుంటూరులోనే ఉండేదని చెప్తే ఈ కాలం పిల్లలు నమ్మడం లేదు. మీరైనా రాయండి.

జవాబు: రాస్తానండీ, సంతోషంగా. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. రాజధాని కర్నూలు, హైకోర్టు గుంటూరు. 1954 జూలై 5న ఇక్కడ హైకోర్టు మొదలైంది, 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక హైదరాబాదుకి తరలిపోయింది. రెండేళ్ల చిల్లర. ఆ మురిపెం అంతటితో సరి. మళ్లీ మన జిల్లా గడప తొక్కింది 2019లో, అమరావతి పేరుతో.

మీరు అడగకపోయినా ఇంకో సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ నెల గొడవంతటికీ వేరు అక్కడే ఉంది. గుంటూరు హైకోర్టుకి ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నది కోకా సుబ్బారావు. తర్వాత సుప్రీంకోర్టుకి వెళ్లి, 1966లో దేశానికి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, ఆ కుర్చీ ఎక్కిన తొలి తెలుగువాడు. 1967 ఫిబ్రవరిలో గోలక్‌నాథ్ కేసులో 11 మంది జడ్జీల బెంచీ 6–5తో, ప్రాథమిక హక్కుల్ని తగ్గించే అధికారం పార్లమెంటుకి లేదు అని తేల్చింది. ఆ ఆరుగురి వైపు ప్రధాన తీర్పు రాసింది సుబ్బారావే. ఒక్క జడ్జి తేడా!

పార్లమెంటు ఊరుకుంటుందా? నాథ్ పాయ్ అనే ప్రతిపక్ష సోషలిస్టు ఎంపీ, సవరణ చేసే అధికారం పార్లమెంటుకి తిరిగి రావాలని ప్రైవేటు బిల్లు పెట్టారు. గమనించండి, అడిగింది ప్రతిపక్షం మనిషి. ఆ బిల్లు ఏళ్ల తరబడి నలిగింది గానీ గట్టెక్కలేదు. చివరికి 1971లో ఇందిరాగాంధీ ప్రభుత్వమే 24వ సవరణ తెచ్చింది, న్యాయశాఖ మంత్రి హెచ్.ఆర్.గోఖలే. ఆయనా హైకోర్టు జడ్జిగా చేసి వచ్చినవాడే. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది కూర్చుని 7–6తో, పార్లమెంటు ఏ అధికరణాన్నయినా సవరించుకోవచ్చు, కానీ రాజ్యాంగం మూల స్వరూపాన్ని మాత్రం ముట్టుకోకూడదన్నారు. ఆ వెంటనే, సీనియర్లు ముగ్గుర్ని దాటేసి ఎ.ఎన్.రేని ప్రధాన న్యాయమూర్తిని చేసింది ప్రభుత్వం. లోక్‌సభలో దుమారం. అక్కడ లేచి సమర్థించింది న్యాయశాఖ మంత్రి కాదు, ఉక్కు శాఖ మంత్రి మోహన్ కుమారమంగళం. కోర్టుల సంగతి ఉక్కు మంత్రి చెప్పడమేంటని నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

సుబ్బారావు సంగతి పూర్తి చెయ్యలేదు. గోలక్‌నాథ్ తీర్పు ఇచ్చిన రెండు నెలల లోపే పదవికి రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికకి నిలబడ్డారు. జాకిర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. ఆయన మీద నాకెంత గౌరవం ఉన్నా, ఆ తొందర ఉండాల్సింది కాదనిపిస్తుంది. తీర్పు సిరా ఆరకముందే రాజకీయం అంటే, ఆ తీర్పు నచ్చనివాళ్ల చేతికి కర్ర ఇచ్చినట్టే గదా.

ప్రశ్న (కృష్ణలంక, విజయవాడ): మా అక్క ఇజ్రాయెల్‌లో ముసలివాళ్లని చూసుకునే పనిలో ఉంది. 2023లో అక్కడ కోర్టుల గొడవ మీద వారం వారం రోడ్లు నిండిపోయేవని ఫోన్లో చెప్పేది. ఇక్కడ మనం ఎందుకు రోడ్డెక్కలేదు?

జవాబు: అక్కడ తాడు తెగితే పట్టుకోవడానికి ఇంకేం లేదు తమ్ముడూ, అందుకని. ఇజ్రాయెల్‌కి మనలాగా ఒకే పుస్తకంగా రాసుకున్న రాజ్యాంగం లేదు, రెండో సభ లేదు, రాష్ట్రాలు లేవు. 120 మంది ఉండే వాళ్ల పార్లమెంటు క్నెస్సెట్‌లో 61 మంది వెనకుంటే ప్రభుత్వానికి అడ్డు చెప్పగలిగేది సుప్రీంకోర్టు ఒక్కటే. 2023 జనవరి 4న న్యాయశాఖ మంత్రి యారీవ్ లెవిన్ ఆ కోర్టు మీదే గురిపెట్టారు. జడ్జీల్ని ఎంచే కమిటీలో పాలకపక్షానిదే పైచెయ్యి కావాలి, కోర్టు కొట్టేసిన చట్టాన్ని 61 ఓట్లతో మళ్లీ నిలబెట్టుకునే వీలుండాలి, ప్రభుత్వ నిర్ణయం సహేతుకంగా లేదని కోర్టు అనకూడదు, ఇదీ ఆయన జాబితా.

మార్చి నెలాఖరులో, కాస్త ఆగుదాం అన్న రక్షణ మంత్రిని తీసేస్తున్నట్టు ప్రధాని నెతన్యాహు ప్రకటిస్తే ఆ రాత్రి ఊళ్లకి ఊళ్లే బయటికొచ్చాయి, మర్నాడు ఆయన కొంత వెనక్కి తగ్గారు. జూలై 24న ఆ సహేతుకత ముక్క ఒక్కటీ 64–0తో పాసయింది, ప్రతిపక్షం మొత్తం బయటికి వెళ్లిపోయింది. సున్నా అంటే అందరూ ఒప్పుకున్నారని కాదని గుంటూరు అమ్మాయి కూడా గుర్తుపెట్టుకోవాలి. 2024 జనవరి 1న అక్కడి సుప్రీంకోర్టు 15 మందీ కూర్చుని 8–7తో దాన్ని కొట్టేసింది. లెవిన్ ఆగలేదు, 2025 మార్చిలో కమిటీ కూర్పు మార్చే చట్టం 67–1తో గట్టెక్కించారు, అది తర్వాతి క్నెస్సెట్ నుంచి అమలు.

మన దగ్గర న్యాయశాఖ మంత్రికి ఎంత ఉత్సాహం ఉన్నా జడ్జీల నియామకం మార్చాలంటే రెండు సభల్లో మూడింట రెండొంతులు, ఆ పైన సగం రాష్ట్రాలు, ఆ తర్వాత మూల స్వరూపం అనే గేటు. ఇన్ని గేట్లుంటే జనం రోడ్డెక్కరు, టీవీ చూస్తారు.

ప్రశ్న (మంగళగిరి): ఎంపీలు, ఎమ్మెల్యేలు సభలో జడ్జీలని తిట్టొచ్చా?

జవాబు: కూడదు. విధి నిర్వహణలో జడ్జి ప్రవర్తన మీద పార్లమెంటులో చర్చించకూడదని 121వ అధికరణం, అసెంబ్లీలో చర్చించకూడదని 211. తీర్పు మీద మాట్లాడొచ్చు, జడ్జి మీద కూడదు. మన అసెంబ్లీయే ఉదాహరణ. 2022 మార్చి 3న హైకోర్టు, రాజధానిని మార్చే అధికారం శాసనసభకి లేదంటే, అదే నెల 24న సభలో చట్టాలు చెయ్యడం ఎవరి పని అని గంటల తరబడి మాట్లాడారు. అది రూలు ప్రకారం కుదురుతుంది. మాటల వెనక మంట ఎవరి మీదో అందరికీ తెలుసు, అది వేరే సంగతి.

జడ్జి ప్రవర్తన మీద మాట్లాడాలంటే ఒక్కటే దారి, తొలగింపు తీర్మానం. లోక్‌సభలో 100 మంది గానీ రాజ్యసభలో 50 మంది గానీ సంతకం పెట్టాలి. 1993 మేలో జస్టిస్ వి.రామస్వామి మీద లోక్‌సభలో తీర్మానం వస్తే అనుకూలంగా 196 ఓట్లు పడ్డాయి, కాంగ్రెస్, దాని మిత్రపక్షాల వాళ్లు 205 మంది ఏ ఓటూ వెయ్యలేదు, తీర్మానం వీగిపోయింది. ఆ రోజు సభలో నిలబడి ఆ జడ్జి తరఫున వాదించిన లాయరు ఎవరనుకున్నారు? కపిల్ సిబల్. ఈ నెల ఆయన్ని వదిలించుకోలేకపోతున్నాం.

ప్రశ్న (పేరు రాయలేదు, గుంటూరు పోస్టు ముద్ర): అన్నిటికీ అటూ ఇటూ కథలు చెప్తారు. మీరు కొలీజియం పక్షమా, ప్రభుత్వ పక్షమా? సూటిగా చెప్పండి.

జవాబు: సూటిగానే చెప్తాను, మీరూ ఈసారి పేరు రాయండి. జడ్జిని ఎంచడంలో మంత్రికి అడ్డుపుల్ల వేసే అధికారం ఇవ్వకూడదు. అలాగే ఐదుగురు తలుపేసుకుని ఎంచడమూ నాకు ఒప్పదు. ఈ రెండో మాట నా కంటే గట్టిగా అన్నది మన పక్క ఊరాయనే. మొవ్వ మండలం పెదముత్తేవిలో పుట్టిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. 2015 తీర్పులో 4–1 అన్నాను చూశారూ, ఆ ఒక్కరు ఆయనే. 2016లో తనే కొలీజియం సభ్యుడై ఉండి, ఎవరిని ఎందుకు తీసుకుంటున్నారో ఎందుకు వద్దంటున్నారో రాసి పెట్టనిదే నేను మీటింగుకి రానన్నారు. 2017 అక్టోబరు నుంచి తీర్మానాలు వెబ్‌సైటులో పెట్టడం మొదలైంది. ఆ కారణాలు రానురాను పొట్టిగా అయిపోయాయి, అది మళ్లీ మొదటికే.

ఇక ప్రభుత్వం వైపు తప్పు చిన్నదేం కాదు. పేరు వెనక్కి పంపరు, ఒప్పుకోరు, అలా పెట్టి ఉంచుతారు. పెళ్లిచూపులకి వచ్చి అవుననీ కాదనీ చెప్పకుండా ఏడాది తిప్పే సంబంధం లాంటిది, ఈలోపు పేరున్న లాయరు విసుగెత్తి, నాకీ జడ్జి పదవే వద్దని ఉత్తరం రాసి ప్రాక్టీసు చేసుకుంటాడు. నియామకాల పద్ధతి చెప్పే పత్రాన్ని మార్చి రాసుకోమని కోర్టు 2015 డిసెంబరులోనే చెప్పింది. ఎంపీలు మంత్రిని పట్టుకుని నిలదియ్యాల్సింది దీని మీద. కొలీజియం పరాయిదా సొంతదా అన్న ఉపన్యాసం తర్వాతైనా చెప్పుకోవచ్చు.

ప్రశ్న (తెనాలి, గృహిణి): నాన్న పోయాక ఆస్తి పంపకం కోసం అన్నయ్యల మీద దావా వేసి తొమ్మిదేళ్లయింది సార్. ముగ్గురు జడ్జీలు మారారు. వాయిదాకి వెళ్లిన ప్రతిసారీ కోర్టు ఇన్‌ఛార్జిలో ఉందంటారు. టీవీలో చెప్పే ఈ న్యాయ సంస్కరణలు వస్తే నా కేసు కదులుతుందా?

జవాబు: కదలదమ్మా. అబద్ధం చెప్పి మిమ్మల్ని ఊరడించలేను.

టీవీలో గొడవంతా హైకోర్టు, సుప్రీంకోర్టు జడ్జీల గురించి. మీ దావా ఉన్నది సివిల్ జడ్జి కోర్టులో. అక్కడికి జడ్జిని ఎంపిక చేసేది హైకోర్టు, జీతమూ బిల్డింగూ స్టాఫూ చూడాల్సింది రాష్ట్ర ప్రభుత్వం. చదివేవాళ్లందరికీ తెలియదు కాబట్టి ఇన్‌ఛార్జి కోర్టు అంటే ఏమిటో చెప్తాను. జడ్జి బదిలీ అయితే కొత్తవాళ్లు వచ్చేదాకా పక్క కోర్టు జడ్జి ఆ బాధ్యత చూస్తారు. ఆయనకి తన కేసులే కుప్ప. పదిన్నరకి బెంచ్ క్లర్కు కట్టలు తెచ్చి పెడతాడు, అటెండర్ గుమ్మంలో నిలబడి పేర్లు పిలుస్తాడు, వాది ఉన్నారా, ఉన్నామండీ, తేదీ ఇవ్వండి, అంతే. మీరు తెనాలి ఎండలో బస్సు దిగి వచ్చి, చీర కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్లేసరికి ఆ తేదీ మీ ప్లీడరుగారి గుమాస్తా డైరీలో ఎక్కిపోయి ఉంటుంది. వాయిదాలకి లెక్క లేదనుకోకండి, ఉంది. విచారణ మొదలయ్యాక ఒక పక్షానికి మూడుకి మించి వాయిదాలు ఇవ్వకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో పార్లమెంటే రాసింది, 2002 జూలై నుంచి అమల్లో ఉంది. లాయర్లు సమ్మెలు చేశారు, నేనూ ఆ గుంపులో కేకలేసినవాణ్ణే, ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. 2005లో సుప్రీంకోర్టు ఆ రూలు ఉంచుతూనే, తప్పనిసరి పరిస్థితుల్లో ఇవ్వొచ్చులే అంది. మన దగ్గర అన్ని పరిస్థితులూ తప్పనిసరివే.

విజయవాడ కోర్టు చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. ఇప్పుడున్న పెద్ద భవనానికి 2013లో శంకుస్థాపన చేసింది అప్పుడు హైకోర్టు జడ్జిగా ఉన్న ఎన్.వి.రమణ. 2022 ఆగస్టు 20న దాన్ని ప్రారంభించింది ఆయనే, ఈలోపు దేశానికి ప్రధాన న్యాయమూర్తి అయిపోయి, ఇంకో వారంలో రిటైర్ కాబోతూ. రాయి వేసినాయన మెట్లన్నీ ఎక్కేసి వచ్చేదాకా బిల్డింగు లేవలేదన్నమాట. కోర్టు భవనాలకి కేంద్రం, రాష్ట్రం కలిసి డబ్బు పెట్టుకునే పథకం 1993–94 నుంచి ఉంది, ఇప్పుడు వాటాలు కేంద్రం 60, రాష్ట్రం 40. రాష్ట్రం తన వాటా పెట్టదు, కేంద్రం తన వాటా విడుదల చెయ్యదు, కాంట్రాక్టరు సామాను సర్దుకుంటాడు. దీనికోసం దేశమంతటికీ ఒక సంస్థ పెడదామని రమణగారే ప్రతిపాదించారు. 2022 ఏప్రిల్‌లో ఢిల్లీలో జరిగిన సమావేశంలో ముఖ్యమంత్రులు ఒప్పుకోలేదు. కొలీజియం మీద గొంతులు బొంగురుపోయేలా అరిచే ఎంపీలు ఈ ప్రతిపాదన మీద అలా అరవడం నేనైతే చూడలేదు. కేసుల పెండింగు మీద ప్రశ్న వేస్తే న్యాయశాఖ నుంచి వచ్చే జవాబులో ఒక వాక్యం ఎప్పుడూ ఉంటుంది: కేసుల పరిష్కారం న్యాయవ్యవస్థ పరిధిలోనిది. మంత్రులు మారినా ఆ వాక్యం మారదు.

శాసనసభల్ని తిట్టి ఊరుకుంటే అన్యాయం అవుతుంది. మీరు అసలు ఈ దావా వెయ్యగలిగారంటే దానికి వెనక మన అసెంబ్లీ ఉంది. ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా అని 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా ఎన్టీఆర్ ప్రభుత్వం చట్టం చేసింది, కేంద్రం అదే పని 2005లో చేసింది. మొదటి చట్టం అప్పటికే పెళ్లైపోయిన ఆడపిల్లలకి వర్తించలేదు, 2005 సవరణతో ఆ అడ్డు పోయింది.

ఇప్పుడు చెయ్యగలిగిన పనులు. మీ దావా ఏ దశలో ఉందో ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు నంబరు కొట్టి మీరే చూసుకోండి, గుమాస్తా మాట మీద ఆధారపడొద్దు. సాక్ష్యం దశ అయితే త్వరగా విచారించమని పిటిషన్ వెయ్యమని ప్లీడరుగారిని అడగండి, మొహమాటపడకండి. ఫీజు భారంగా ఉంటే గుంటూరులో జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి, ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. అన్నయ్యల్లో ఒక్కరైనా మాట వినేవారుంటే లోక్ అదాలత్‌లో కూర్చోండి. అక్కడ రాజీ కుదిరితే కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, ఆ అవార్డు (రాజీ తీర్పు) మీద అప్పీలు ఉండదు, అంటే ఇంకో తొమ్మిదేళ్లు హైకోర్టు చుట్టూ తిరగక్కర్లేదు.

ఇంకొకటి. మీ ఎంపీ ఈసారి తెనాలి వచ్చినప్పుడు కొలీజియం గురించి అడక్కండి. గుంటూరు జిల్లాలో ఎన్ని సివిల్ కోర్టులు ఇన్‌ఛార్జిలో నడుస్తున్నాయి, 60–40లో మన రాష్ట్రానికి రావాల్సింది ఎంత వచ్చింది, ఈ రెండూ రాతపూర్వకంగా న్యాయశాఖ మంత్రిని అడగమనండి. పదిహేను రోజుల ముందు నోటీసు ఇస్తే సరిపోతుంది. మీ తర్వాతి వాయిదా ఎప్పుడో ఉత్తరంలో రాయలేదు. రాయండి.